ఉగ్గబట్టుకున్న ఏడాది

నా పేరు రజియా. వయసు నలభై ఏడు. నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులో కండక్టర్‌ని. పద్దెనిమిదేళ్లుగా ఇదే ఉద్యోగం. ఇక్కడ నేను రాస్తున్నది ఒంటికి పోయే బాధ గురించి, అంటే మూత్రం గురించి. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, సిగ్గుపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేనూ సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే జబ్బును కిడ్నీ దాకా తెచ్చుకున్నాను.

మొన్న డిపోలో ఒకామె నన్ను పక్కకు పిలిచి, "అక్కా, నువ్వు యాడ చూపించుకున్నావ్?" అని చెవిలో అడిగింది. ఆ నెలలో అట్లా అడిగినవాళ్లలో ఆమె మూడో మనిషి. ముగ్గురికీ చెవిలోనే చెప్పాను. నాలుగో మనిషికి చెవిలో చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

ఆగస్టు నుంచి అక్టోబర్

తుమ్మితే ఒక చుక్క, గట్టిగా నవ్వితే ఒక చుక్క. ఇది రెండేళ్లుగా ఉన్నదే. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, రెండోవాడు నాలుగు కేజీల పైన పుట్టాడు, ఆడవాళ్లకు ఇది మామూలే అనుకున్నాను. బాధ ముదిరింది పోయిన ఆగస్టులో. ఆడోళ్లకు టికెట్ లేకుండా చేసినాక మా బస్సులో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. జీరో టికెట్ అయినా కొట్టి ఇవ్వాల్సిందే. ముందు డోర్ నుంచి వెనక డోర్ దాకా, సీట్ల కమ్మీలు పొట్టలో గుచ్చుకుంటుంటే, ట్రిప్పుకు నాలుగుసార్లు తిరగాలి.

చుక్కలు కారడం ఒక ఎత్తు, ఇంకొకటి తోడైంది. డ్యూటీ చివర్లో నంద్యాల బస్టాండు కనపడితే చాలు, అంతవరకూ లేని ఒత్తిడి ఒక్కసారిగా తన్నుకొచ్చేది. బస్సు ఆగి, జనం దిగి, నేను దిగేదాకా ఉగ్గబట్టుకుని నిలబడేదాన్ని. ఒక్కోరోజు దిగేలోపే సగం అయిపోయేది.

నాకు తోచిన వైద్యం నేను చేసుకున్నాను. నీళ్లు మానేశాను. పొద్దున డ్యూటీ ఎక్కేముందు ఒక టీ, ఆళ్లగడ్డలో ఒక టీ, మళ్లీ నంద్యాలలో ఒకటి. నీళ్లు మాత్రం గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కలు. బ్యాగులో ఎప్పుడూ నెలసరి ప్యాడ్లు రెండు, మడిచిన చూడిదార్ ఒకటి. లేతరంగు బట్టలన్నీ పెట్టెలో పెట్టేశాను. ఖాకీ కోటు పొడుగ్గా కుట్టించుకున్నాను. దర్జీ అడిగితే ఫ్యాషన్ అన్నాను.

అక్టోబర్‌లో ఒకరోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి వస్తున్నాం. మూడో సీటులో ఒకామె మిల్లులో అప్పుడే పట్టించిన కారం స్టీలు డబ్బాలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శిరివెళ్ల మెట్ట దాటాక బర్రె అడ్డం వచ్చి డ్రైవర్ బ్రేకు వేశాడు. డబ్బా మూత ఎగిరిపోయింది. కిటికీల గాలికి కారం బస్సంతా పరుచుకుంది. ఒకటే దగ్గులు, ఒకటే తుమ్ములు. పిల్లలు ఏడుస్తున్నారు, మగోళ్లు తిడుతున్నారు, ఆమె "నా కారం, నా కారం" అని కింద పోయినదాన్ని చేత్తో ఎత్తుతోంది. కొందరైతే దగ్గుతూనే నవ్వుతున్నారు.

నాకు దగ్గు ఆగలేదు. ఒక చేతిలో టికెట్ మిషన్, ఇంకో చేత్తో కమ్మీ. నిలబడ్డచోటే తడిసిపోయాను. చుక్క కాదు, మొత్తం. చెప్పుల్లోకి దిగింది. అందరి కళ్లలోనూ నీళ్లు కారుతున్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు. నా కళ్లలోవి కారానికి వచ్చినవి కావు.

మా డ్రైవర్ ఓబులేసు అన్న. యాభై ఆరేళ్లు, ఆళ్లగడ్డ పక్క పల్లె. ఆరేళ్లుగా మేమిద్దరం ఒకే బస్సు. అద్దంలో నన్ను చూసి, "కూర్చో రజియమ్మా, ఎందుకట్ల నిలబడే ఉండావ్?" అన్నాడు.

"మోకాలు పట్టేసిందన్నా. నిలబడితేనే బాగుంటాది" అన్నాను.

నంద్యాల దాకా నిలబడే వచ్చాను.

నవంబర్, డిసెంబర్

మా ఆయన పేరు ఖాజా. సోఫాలు కుడతాడు, పాతవాటికి కొత్త గుడ్డ వేస్తాడు. మంచివాడే, కానీ ఏదీ రెండోసారి అడగడు. ఆగస్టులోనే నేను గదిలో పడుకోవడం మానేసి హాల్లో అత్తమ్మ మంచం పక్కన చాప వేసుకున్నప్పుడు, "ఎందుకు?" అని ఒకసారి అడిగాడు. "నేను మాటిమాటికీ లేస్తాను, నీకు నిద్ర పాడు" అన్నాను. అంతే, మళ్లీ అడగలేదు. నాకు వాసన భయం. రోజుకు రెండుసార్లు స్నానం చేసినా నా నుంచి వాసన వస్తోందనే అనిపించేది. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. పాణ్యంలో మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థానికి డ్యూటీ ఉందని అబద్ధం చెప్పాను. ఆ రోజు నాకు సెలవే. ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు తర్వాత తెలిసింది.

నమాజ్ కూడా మానేశాను. వజూ చేసుకుని, అంటే కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని నిలబడతాను, నుదురు నేలకు ఆనించే సజ్దాకు వంగగానే తడి తగులుతుంది. మళ్లీ వజూ, మళ్లీ అదే. ఒకరోజు మూడుసార్లు చేసి, నమాజ్ చాప మడిచి పైన పెట్టేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంట్లో నా మీద నాకే కోపం, అది పిల్లల మీద చూపించేదాన్ని.

నవంబర్‌లో మంట మొదలైంది. ఒంటికి పోతే కారం పోసినట్టు. నాలుగు చుక్కలు వచ్చేవి, లేచి వచ్చిన రెండు నిమిషాలకే మళ్లీ పోవాలనిపించేది. బస్టాండు దగ్గర మెడికల్ షాపులో చెప్పలేక చెప్పలేక చెబితే మూడు రోజుల మాత్రలు ఇచ్చారు. రెండో రోజుకే తగ్గింది. మూడో రోజువి దాచిపెట్టుకున్నాను, మళ్లీ వస్తే ఉంటాయని. మళ్లీ వచ్చింది. దాచినవి వేసుకున్నాను. ఇంకోసారి కొన్నాను. ఇట్లా మూడుసార్లు.

ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పరీక్ష చేయించకుండా, చెప్పినన్ని రోజులు వాడకుండా ఆ మాత్రలు మింగొద్దు. నేను మింగిందానికి లోపలి పురుగు చావలేదు, మాత్రలకు అలవాటు పడి ముదిరింది. ఈ మాట నాకు తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

డిసెంబర్‌లో ఒక ఉదయం ఆళ్లగడ్డ బస్టాండులో దిగగానే పళ్లు కొట్టుకోవడం మొదలైంది. మామూలు చలి కాదు. ఎండలో నిలబడ్డా వణుకు ఆగలేదు. నడుముకు కుడిపక్క, పక్కటెముకల కింద, ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు నొప్పి. ఓబులేసు అన్న వచ్చి చూశాడు.

"ఏమైందమ్మా? మొహమంతా అట్ల పాలిపోయిందేందీ?"

"చలి పెడతాందన్నా."

నుదుటి మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. "చలి కాదు, కాలిపోతాండావ్. పద."

"ట్రిప్పు ఉండాది కదన్నా."

"ట్రిప్పు యాడికీ పోదు. గమ్మునుండు" అని, డిపోలో చెప్పి, ఇంకో కండక్టర్‌ను మాట్లాడి, నన్ను ముందు సీటులో చలికని తన భార్య ఇచ్చి పంపిన దుప్పటి కప్పి కూర్చోబెట్టాడు. నంద్యాలలో దిగగానే ఆటో ఎక్కించి, ఖాజాకు ఫోన్ చేసింది కూడా ఆయనే.

ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మొదటి రెండు రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. సెలైన్ సీసాలు, వాంతులు, తడిసిన దుప్పట్లు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందన్నారు. ఖాజా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. ఆయన చేతివేళ్లకు ఎప్పుడూ గుడ్డ జిగురు అంటుకుని ఉంటుంది, అది గోళ్లతో గిల్లుకుంటూ ఉండేవాడు. మూడో రోజు జ్వరం దిగాక, "షుగర్ లేదంట. అది చాలు" అన్నాడు. అప్పటిదాకా ఆయన షుగర్ అనుకుని భయపడుతున్నాడు. వాళ్ల నాయనకు షుగరుతోనే కాలు తీసేశారు.

స్కానింగ్ గది బయట

డిశ్చార్జ్ అయిన వారానికి మళ్లీ రమ్మన్నారు. స్కానింగ్ తీయాలి. లీటరు నీళ్లు తాగి, ఒంటికి పోకుండా, మూత్రపు సంచి నిండాక రావాలి. ఈ మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు నెలలుగా నేను చేయలేనిది అదొక్కటే.

ఆ వరండా మీరు చూస్తే తెలుస్తుంది. రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. అందరి చేతుల్లోనూ నీళ్ల సీసాలు. ఎవరూ మాట్లాడరు. కొందరు కాళ్లు ఆడిస్తుంటారు, కొందరు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటారు. మధ్యమధ్యలో తలుపు దగ్గర ఆయా అరుస్తుంది, "నిండిందా? నిండినోళ్లే రండి!"

నా టోకెన్ ముప్పై ఒకటి. లోపల పందొమ్మిది నడుస్తోంది. నేను లీటరు తాగి గంటయింది. పక్క కుర్చీలో ఒక ముసలామె, మిడుతూరు పక్క పల్లె నుంచి వచ్చిందట, భర్తకు రాయి ఉందని. ఆయనది ఇరవై నాలుగో నెంబరట. "ఎన్నో నెంబరు పాపా?" అని అడిగింది. చెప్పాను. "ఇంకా శానా సేపు పడతాది" అంది.

ఇరవై ఐదో నెంబరు పిలిచినప్పుడు ఎవరిదో కుర్చీ పడి పెద్ద చప్పుడైంది. ఉలిక్కిపడ్డాను. అంతే. ఆపుకుందామనుకున్నాను, నా మాట వినలేదు. కుర్చీ మీద నుంచి కిందికి కారింది. తెల్లటి టైల్స్. ఎదురు వరసలో మగోళ్లు.

ముసలామె కింద చూసింది. నా మొహం చూసింది. చేతిలో ఉన్న సీసా మూత తిప్పి, నా ఒళ్లోనూ నేల మీదా నీళ్లన్నీ గుమ్మరించేసింది.

"థూ, పాడు సీసా! మూతే సరిగ్గా పట్టదు. పాప మీదంతా పోసేస్తి కదా!" అని గట్టిగా అరిచింది.

ఆయా తుడిచే కర్ర తెచ్చి ఆమెను తిట్టింది. "పెద్దదానివి, చూసుకోవద్దా? పొద్దున్నుంచి మూడుసార్లు తుడిచినా ఈ వరండా!"

"తప్పైపాయె తల్లీ, చేతులు వణుకుతాయి" అని ముసలామె తిట్లన్నీ పడింది. ఆమె చేతులు వణకడం నేను చూడలేదు. ఆయా అటు పోగానే నా వైపు వంగి, "పో, కడుక్కోపో. మళ్లీ తాగుదువులే" అంది.

కడుక్కుని వచ్చేసరికి ఆమె భర్తను తీసుకుని వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు. మళ్లీ లీటరు తాగి, మళ్లీ రెండు గంటలు కూర్చుని, చివరి నెంబరుగా లోపలికి పోయాను. రాళ్లు లేవన్నారు.

బయట ఖాజా టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాడు. నా చూడిదార్ ముందు ఇంకా ఆరలేదు. "ఏందిది?" అన్నాడు. నీళ్లు ఒలికాయని చెప్పబోయాను. ఆ ముసలామె నా కోసం తిట్లు పడిందే, నేను ఇంకా అబద్ధం చెప్పాలా అనిపించింది. అక్కడే, బండి పక్కన నిలబడి, అంతా చెప్పాను. తుమ్ములు, కారం డబ్బా, ప్యాడ్లు, చాప, నిశ్చితార్థం.

ఆయన టీ గ్లాసు పట్టుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత, "ఇంతేనా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇంతేనా? నీకు ఇంతే! నువ్వొక్క రోజు ఇట్ల బస్సులో నిలబడు, తెలుస్తాది."

"అట్ల కాదు" అన్నాడు ఆయన, టీ గ్లాసు కింద పెట్టి. "నేను నీకు వద్దయిపోయినా అనుకున్నా. నాలుగు నెలల నుంచి అదే అనుకుంటాండా."

ఇంటికి వచ్చాక ఆయన నా చాప చుట్టి గదిలో పెట్టాడు. నేను తీయలేదు.

జనవరి

డాక్టరమ్మ నా వయసే ఉంటుంది. ఆమె ముందు కూర్చుంటే పరీక్ష రాస్తున్నట్టుండేది.

"డ్యూటీలో ఎన్ని గంటలకు ఒకసారి పోతావు?"

"ఏడెనిమిది గంటలు పడుతుంది మేడం."

"నీళ్లు?"

"తాగితే వస్తాయని తాగను."

"తాగకపోయినా వస్తున్నాయి కదా?"

అప్పుడు ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను. నాకున్నవి ఒకటి కాదు, మూడు. ఒకటి ఇన్‌ఫెక్షన్, దానికి మందు వాడాను, తగ్గింది. రెండోది, సంచికి అడుగున ఊయలలాగా పట్టి ఉంచే కండరాలు ఉంటాయి, కాన్పులతోనూ వయసుతోనూ అవి వదులయ్యాయి. అందుకే దగ్గితే కారడం. మూడోది, సంచికే అలవాటు చెడింది. గంటలు గంటలు ఉగ్గబట్టడం, లేకపోతే ఎందుకైనా మంచిదని ఊరికే పోయి రావడం. ఇంకో సంగతి కూడా చెప్పింది. నీళ్లు మానేస్తే కారడం తగ్గదు. మూత్రం చిక్కబడి సంచిని గిల్లుతుంది, ఇంకా ఎక్కువ పరిగెత్తిస్తుంది. టీ కూడా అంతే.

"నెలసరి ఆగే వయసు. ఇట్లాంటివాళ్లు రోజుకు పదిమంది వస్తారు నా దగ్గరికి. పదిమందీ తమకొక్కరికే అనుకుంటారు" అంది.

ఒక వారం డైరీ రాయమంది. ఎప్పుడు తాగాను, ఎప్పుడు పోయాను, ఎప్పుడు కారింది. తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపింది. గ్యాస్ బయటికి రాకుండా నలుగురిలో బిగబట్టుకుంటాం చూడండి, ఆ కండరాన్నే లోపలికి, పైకి లాగాలి. ఐదు అంకెలు లెక్కపెట్టాలి, వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. దగ్గు వచ్చేముందు, తుమ్ము వచ్చేముందు ముందుగానే బిగించాలి. "మూడు నెలలు పడుతుంది ఆంటీ. వారానికే తగ్గలేదని నా దగ్గరికి రావద్దు" అని ముందే చెప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో కుర్చీలో కూర్చుని అదే చేస్తున్నాను. అత్తమ్మ అడిగింది, ఏం లెక్కపెడుతున్నావని. ఆమెకు డెబ్బై రెండేళ్లు. ఖాజాకు చెప్పాను కాబట్టి ఆమెకూ చెప్పేశాను. నమాజ్ ఎందుకు మానేశానో కూడా చెప్పాను.

ఆమె చేతిలోని తస్బీ, జపమాల, పక్కన పెట్టింది.

"నేను కుర్చీ మీద కూర్చుని నమాజ్ ఎందుకు చదువుతానో తెలుసా?"

"మోకాళ్లు కదా అత్తమ్మా."

"మోకాళ్లు బాగానే ఉండాయి. వంగితే వస్తాది. మీ మామ బతికున్నప్పటి నుంచే. ఒకసారి మసీదు హజ్రత్ గారి భార్యను అడిగితే, సజ్దాలో వస్తాదంటే కూర్చుని సైగతో చదువుకో, గుడ్డ మార్చుకో, వజూ చేసుకో, అల్లాకు తెలీదా అనింది. అప్పట్నుంచి మోకాళ్లని చెప్తాండా."

పదిహేనేళ్లు. ఆమె అజ్మీర్ దర్గాకు పోనన్నది, పెద్ద మనవరాలి పెళ్లికి కర్నూలు రానన్నది. అన్నింటికీ మోకాళ్లే. మేం నొప్పి నూనెలు, ఆకులు, బెల్టులు తెచ్చి ఆమె మోకాళ్లకు కట్టాం. ఆమె కట్టించుకుంది.

"ఎప్పుడన్నా చెప్పకూడదా అత్తమ్మా?" అన్నాను.

"నువ్వు చెప్పినావా?" అంది.

మరుసటి వారం ఆమెను కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమెకు లోపల గర్భసంచి కిందికి జారి ఉంది. ఈ వయసులో ఆపరేషన్ వద్దంది అత్తమ్మ. లోపల పెట్టే రింగు ఒకటి పెట్టారు. చాలావరకు నయమే.

ఫిబ్రవరి, మార్చి

రంజాన్ నెల వచ్చింది. కిడ్నీ జబ్బు పడి రెండు నెలలే అయింది, ఈసారి ఉపవాసాలు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పన్నెండో ఏట నుంచి ఒక్క రోజా మానలేదు నేను. మొదటిరోజు బస్సులో సీసా ఎత్తి నీళ్లు తాగుతుంటే, నన్ను తెలిసిన ఒక ముసలాయన చూసి మొహం తిప్పుకున్నాడు. అయినా తాగాను. ఒంట్లో బాగయ్యాక తీర్చుకోవచ్చని అత్తమ్మ చెప్పింది. కుర్చీ మీద కూర్చుని ఆమె పక్కనే నమాజ్ చదువుకున్నాను.

ఎక్సర్‌సైజులతో ఆరు వారాలు ఏ తేడా లేదు. విసుగొచ్చి ఒక వారం మానేశాను. ఫిజియో అమ్మాయి ఫోన్ చేసి, "మీరు బస్సు సగం దారిలో ఆపేసి దిగిపోతారా ఆంటీ?" అని కేకలేసింది. మళ్లీ మొదలుపెట్టాను. టికెట్ కొడుతూ లోపల ఐదు లెక్కపెట్టుకునేదాన్ని. టీ రెండుకు తగ్గించాను. బస్టాండు కనపడగానే తన్నుకొచ్చే ఒత్తిడికి, నిలబడి, ఐదారుసార్లు గబగబా బిగించి వదిలితే, అది ఒక అలలాగా వచ్చి పోతుందని నేర్చుకున్నాను. పరిగెత్తితే ఓడిపోతాం. నిలబడితే ఆగుతుంది.

మార్చి చివర్లో, లారీ ఒకటి వరిగడ్డి వేసుకుని మా ముందు పోతుంటే, ఆ దుమ్ముకు వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. ఏమీ కాలేదు. పొడిగా ఉన్నాను. నాకు నమ్మకం కలగలేదు.

"తుమ్మినా అన్నా!" అన్నాను ఓబులేసు అన్నతో.

ఆయనకేం తెలుసు. "చిరంజీవ" అన్నాడు.

అప్పుడు ఆయనకు చెప్పాను. డిసెంబర్‌లో నన్ను మోసుకొచ్చినాయన, చెప్పకపోతే తప్పనిపించింది. ఆయన ఇబ్బందిగా అద్దంలోకి చూశాడు. శిరివెళ్ల మెట్ట దగ్గర గేరు తగ్గించాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నాక్కూడా ఉండాదిలే రజియమ్మా. నిలబడి నిలబడి కాళ్లు పీకుతాయి గానీ ధార రాదు. వచ్చినా ఆగి ఆగి వస్తాది. పోయొచ్చినాక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటాది."

"చూపించుకోన్నా."

"మగోనికి యాభై దాటితే అంతేలే. మా నాయనకూ అంతే ఉన్నింది."

"మీ నాయన ఎట్ల పోయినాడు?"

"కిడ్నీలు చెడిపోయి" అన్నాడు. అని, కాసేపటికి, "సర్లే, ఎండలు తగ్గినాక చూద్దాం" అన్నాడు.

ఏప్రిల్

ఎండలు తగ్గేదాకా ఆగలేదు. ఏప్రిల్‌లో ఆయనకు జలుబు చేసింది. షాపులో జలుబు మాత్రలు కొని రెండు రోజులు వేసుకున్నాడు. మూడో రోజు ఆళ్లగడ్డలో బస్సు ఆపి దిగాడు, అటు పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. మొహమంతా చెమట.

"ఏమైందన్నా?"

"పొద్దున్నుంచి ఒక్క చుక్క రాలేదమ్మా. పొట్ట పగిలిపోతాంది."

చొక్కా మీద చెయ్యి పెట్టి చూశాను. బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా, సొరకాయ పెట్టినట్టుంది. ఆయన బస్సు మెట్టు మీద కూర్చుని కమ్మీ పట్టుకుని మూలుగుతున్నాడు. ఈసారి డిపోలో చెప్పింది నేను, ఇంకో డ్రైవర్‌ను మాట్లాడింది నేను, ఆటో పిలిచింది నేను. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆయన నా మణికట్టు పట్టుకుని నలిపేశాడు. ఆరేళ్లలో ఆ మనిషి ఒక్క పెద్ద మాట అనగా వినలేదు. ఆ రోజు దేవుళ్లందర్నీ తిట్టాడు, తర్వాత అందరికీ క్షమాపణ చెప్పాడు.

ఆసుపత్రిలో గొట్టం వేశారు. లీటరు దాకా వచ్చిందట. లోపలికి పిలిచేసరికి కళ్లనిండా నీళ్లతో పడుకుని ఉన్నాడు. "ప్రాణం లేచొచ్చింది రజియమ్మా" అన్నాడు. ప్రోస్టేట్ గ్రంథి వాచి దారి మూసుకుపోతోందని, ఆ జలుబు మాత్రలు దాన్ని పూర్తిగా బిగించేశాయని అక్కడి డాక్టరు చెప్పాడు. గ్రంథి వాచినవాళ్లు డాక్టరును అడగకుండా అవి వేసుకోకూడదట. ఎంతమంది మగోళ్లకు ఈ సంగతి తెలుసో నాకు తెలియదు.

అంతలో ఆయన భార్య ఫోన్ చేసింది. "ఏం లేదు, కొంచెం కడుపునొప్పి" అంటున్నాడు. ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"వదినా, కడుపునొప్పి కాదు. మూత్రం ఆగిపోయింది. ఇప్పుడు బాగుండాడు. నువ్వు రా" అన్నాను.

ఓబులేసు అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నంద్యాలలో పెద్ద డాక్టరుకు చూపించుకున్నాడు, రక్తపరీక్ష చేశారు, క్యాన్సర్ కాదన్నారు. వారానికి గొట్టం తీసేశారు. మాత్రలు వాడుతున్నాడు, నెలన్నరకు మళ్లీ స్టీరింగ్ పట్టాడు.

ఇప్పుడు

పూర్తిగా తగ్గిందని చెప్పను. బాగా జలుబు చేస్తే ఇప్పటికీ ప్యాడ్ పెట్టుకుంటాను. ఎక్సర్‌సైజులు రెండు వారాలు మానేస్తే ఒళ్లు గుర్తుచేస్తుంది. మంట వస్తే నేరుగా పరీక్షకు పోతాను, షాపుకు కాదు. చలిజ్వరం, నడుము పక్క నొప్పి, మూత్రంలో ఎరుపు, లేదా అసలే రాకపోవడం, వీటికి ఒక్కరోజు కూడా ఆగకూడదని మాత్రం నాకు బాగా తెలుసు. రోజుకు రెండు లీటర్ల సీసా ఖాళీ చేస్తున్నాను. రెండున్నర, మూడు గంటలకు ఒకసారి పోతున్నాను. బస్సులోకి జనం ఎక్కేలోపే పోయొస్తాను. ఎవరైనా "మేడం యాడికి?" అంటే, "ఒంటికి" అంటాను.

పోయిన నెలలో ఆళ్లగడ్డ నుంచి వస్తుంటే లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా పడి యాభై నిమిషాలు ఆగిపోయాం. మళ్లీ బయల్దేరేసరికి నాకు అలలు ఆగే స్థితి దాటిపోయింది. నంద్యాల ఇంకా దూరం. ముందర పెట్రోలు బంకు కనపడుతోంది. ఓబులేసు అన్నను ఆపమన్నాను. ఆయన ఏమీ అడక్కుండా పక్కకు తీశాడు.

ముందు డోర్ దగ్గర నిలబడి గట్టిగా చెప్పాను. "అప్పా, అమ్మా, అందరూ వినండి. నేను ఒంటికి పోవాల. ఐదు నిమిషాలు ఆగండి."

వెనక సీటులో ఒకాయన, "ఏందమ్మా, ఇట్ల అందరికీ చెప్తారా ఎవరన్నా?" అన్నాడు.

నేను దిగి నడిచాను. పదడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే, కడుపుతో ఉన్న ఒకామె, గంప సీటులో పెట్టి దిగిన ఒక పెద్దామె, కాలేజీ పిల్లలు ఇద్దరు, బురఖాలో ఇంకొకామె, ఇంకా ముగ్గురు నలుగురు. బంకులో ఉన్నది ఒకటే గది. కడుపుతో ఉన్నామెను ముందు పంపి, మిగతా అందరం వరసలో నిలబడ్డాం. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. గంపామె మాత్రం, "ఆళ్లగడ్డలో ఎక్కినప్పట్నుంచి పట్టుకున్నా తల్లీ" అంది.

మేము తిరిగి వచ్చేసరికి మగోళ్లు కూడా సగంమంది కిందే ఉన్నారు, వెనక సీటాయనతో సహా. ఓబులేసు అన్న అందరికంటే చివర్లో వచ్చి ఎక్కాడు.

నంద్యాలకు మామూలు కంటే గంటా పదిహేను నిమిషాలు లేటుగా చేరాం. లారీ వల్ల యాభై సరే, మిగతా ఇరవై ఐదు ఎందుకని డిపోలో అడిగారు. ఉన్నమాట చెప్పాను.